దానేసు మంచుతెప్ప

ఆ ఏడు కార్తీకం వెళ్లకముందే ధరోట్‌లో మంచు పడింది. తెల్లారేసరికి ఇళ్ల కప్పులు, ఆపిల్ తోటలు, ఊరి వెనకున్న వాలు అన్నీ ఒక్క రంగులోకి వచ్చేశాయి. వర్కుషాపు తలుపు తోసి లోపలికి వెళ్లిన నూకరత్నానికి గోడకు తగిలించి ఉండాల్సిన స్నోబోర్డు కనిపించలేదు. మేకు మాత్రం ఉంది. ఆమె బయటికొచ్చి దేవదారు చెట్లకు ఇవతలి వాలు వైపు చూసింది.

పైనుంచి దానేసు దిగుతున్నాడు.

ఎడమ మోకాలు కాస్త బయటికి వదిలి, కుడిచెయ్యి వెనక్కి చాచి, పడవ చివర నిలబడి తెడ్డు పట్టుకున్న మనిషిలా దిగుతున్నాడు. మలుపు దగ్గర ముందు భుజం వంగడం, ఆ తర్వాత నడుము తిరగడం, ఆ తిరగడంలో ఎక్కడా తొందర లేకపోవడం, అన్నీ అతనివే. దానేసు పోయి అప్పటికి ఒక వానాకాలం గడిచింది. లోయ రోడ్డు మీద కొండచరియ విరిగి అతనున్న జీపు మీద పడింది. అతని ముఖానికి అంటిన బురదను నూకరత్నమే తన చేతులతో తుడిచింది. అంతా తెలిసి కూడా ఆమె తలుపు పట్టుకుని, ఊపిరి వదిలితే ఆ మనిషి చెదిరిపోతాడేమో అన్నట్టు నిలబడిపోయింది.

దిగివచ్చిన మనిషి బోర్డును అడ్డం తిప్పి, ఆపి, టోపీ తీసింది. కూతురు ఊర్మిళ.

"నాను జారలేదమ్మా" అంది ఊర్మిళ. "నాకేటీ రాదు కదా. ఊరికే ఎక్కి నిలబడ్డాను. అదే నన్ను దింపింది."

ఆ మాట నిజం. పదిహేడేళ్ల ఊర్మిళకు మంచు మీద రెండు మలుపులు దాటడం ఎన్నడూ చేతకాలేదు. తండ్రి నేర్పబోయి, అది పడ్డ ప్రతిసారీ తనూ పక్కన కూలబడి నవ్వి, చివరికి ఊరుకున్నాడు.

దానేసుదీ నూకరత్నానిదీ శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు. ఆమె తండ్రి ఫైబరు పడవలు చేసేవాడు. గాజుబట్ట పరిచి, దాని మీద జిగురు పోసి, బుడగ లేకుండా రోలరు తిప్పడం ఆమెకు చిన్నప్పుడే వచ్చిన పని. దానేసు పటాలంలో చేరి, మంచుకొండల్లో కాపలా కాసి, అక్కడే స్నోబోర్డు నేర్చుకున్నాడు. గస్తీలో ఎడమ మోకాలు చెడి పింఛను మీద బయటికొచ్చాక కూడా అతనికి ఆ మంచు మీద మనసు పోలేదు. "సముద్రం మీద తేలీదానికి తెప్ప సేస్తన్నావు, మంచు మీద జారీదానికి సెయ్యలేవేటి?" అని పెళ్లాన్ని అడిగాడు. అలా ఇద్దరూ హిమాచల్ కొండల్లోని ఈ ఊరికి వచ్చి రేకులషెడ్డులో వర్కుషాపు పెట్టారు. సన్నటి చెక్కబద్దలను పక్కపక్కన అతికించి, పైనా కిందా గాజుబట్ట పరిచి, జిగురు పోసి, వేడిప్రెస్సులో బిగించి, అంచులు చేత్తో గీకి, అడుగున మైనం రుద్ది ఆమె బోర్డులు చేసేది. అతను వాటి మీద జారి చూసేవాడు. కొన్నవాళ్లు ఏ పేరుతో పిలిచినా దానేసుకు మాత్రం అవి మంచుతెప్పలే.

గోడకు తగిలించిన ఆ బోర్డు మాత్రం అన్నింటిలాంటిది కాదు. హైదరాబాదులో ప్లాస్టిక్కుల మీద పరిశోధన చేసే కాత్యాయని ఒక శీతాకాలం దానేసు దగ్గర నేర్చుకోవడానికి వచ్చి, పడీ పడీ విసిగి, "మనిషి బోర్డుకు అలవాటు పడే బదులు బోర్డే మనిషికి అలవాటు పడితే ఏం?" అంది. మరుసటేడు ఉల్లిపొర లాంటి ఒక పొర పట్టుకొచ్చింది. దాన్ని గాజుబట్టకూ చెక్కకూ మధ్య పెట్టి నూకరత్నం బోర్డు చేసింది. తన మీద నిలబడ్డ మనిషి ఎక్కడ బరువు వేస్తాడో, ఎక్కడ తీస్తాడో, ఆ వంపులన్నీ ఆ పొర గుర్తుపెట్టుకుంటుంది. గుర్తున్న చోట మెత్తబడుతుంది, పొరపాటు అడుగు పడినచోట బిగుసుకుంటుంది. దానేసు రెండు శీతాకాలాలు దాని మీదే జారాడు. అతని మోకాలికి అది ఎంత హాయిగా ఉండేదంటే, ఇంటికొచ్చాక కాపడం పెట్టుకోవడం కూడా మానేశాడు.

అది వేరే మనిషిని ఎక్కించుకుంటే ఏం చేస్తుందో అంతవరకూ ఎవరూ చూడలేదు.

కబురు అందగానే కాత్యాయని బయల్దేరి వచ్చింది. బోర్డును రెండు స్టూళ్ల మీద పెట్టి, నడిమిన నూకరత్నం అరచెయ్యి ఆనించమంది. తను చివరలు పట్టుకుని మెల్లగా వంచింది.

చెక్క వంగాల్సినట్టు వంగలేదు. ముందు కాస్త మొరాయించి, ఎడమవైపు ఒకసారి ఒరిగి, తర్వాత నూకరత్నం అరచేతిని పైకి నెట్టింది. నిద్రలో పక్కకు ఒత్తిగిలే మనిషి భుజంలా నెట్టింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. మరుక్షణమే మళ్లీ పెట్టింది.

"పాదాన్ని నెడుతోందండీ" అంది కాత్యాయని. "దానేసు గారి అడుగుకి భిన్నంగా వేస్తే, ఆయన అడుగు పడేదాకా ఊరుకోదు. నేను చేసింది నేర్చుకునే పొర అనుకున్నాను. ఇది నేర్పుతోంది."

"మంచిదే కదండీ మేడంగారూ?"

కాత్యాయని బోర్డును గోడకు ఆనించి, "ఎన్నిసార్లు ఎక్కితే ఏమవుతుందో చూడాలి. ఇంకో ఊళ్లో ఇద్దరు ముగ్గురికి ఇలాంటివే ఇచ్చాను. వాళ్లు మార్చుకుని ఎక్కుతారు. అప్పటిదాకా ఊర్మిళను మరీ ఎక్కువగా ఎక్కనివ్వకండి" అని చెప్పి వెళ్లింది.

ఊర్మిళ ప్రతి పొద్దునా ఎక్కింది. వద్దని నూకరత్నం ఒకటి రెండుసార్లు అంది. గట్టిగా అనలేదు.

"నాన్న నా ఎనకాల నిలబడి నడుం పట్టుకున్నట్టుంటదమ్మా" అని చెప్పింది కూతురు, అన్నం కలుపుకుంటూ. "నాను తప్పు తిరిగితే పట్టు బిగిస్తాడు. సరిగ్గా తిరిగితే వదిలేస్తాడు. బతికున్నప్పుడు ఒక్కనాడు కూడా అంత ఓపిగ్గా నేర్పలేదు. నవ్వీసేవోడు."

నూకరత్నం ఉలవచారు వడ్డిస్తూ ఆ ముఖం వంక చూసింది. తండ్రి పోయాక ఆ పిల్ల అన్నం సగం సగం తిని లేచేది. ఇప్పుడు మళ్లీ వడ్డించుకుంటోంది. తల్లికి అంతకంటే ఏం కావాలి?

శీతాకాలం ముదిరాక ఒక మధ్యాహ్నం ఆమె పొయ్యి దగ్గర చపాతీలు కాలుస్తుండగా వెనక చెక్కమెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. ఒక అడుగు బరువుగా, దాని వెనక ఇంకో అడుగు నేలను రాసుకుంటూ. మెట్టు మెట్టుకీ అదే వరస. పైకి వచ్చి, తలుపు దగ్గర ఆగి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకున్న చప్పుడు కూడా వినబడింది. నూకరత్నం వెనక్కి తిరగలేదు. చపాతీ పెనం మీద మాడింది.

"ఏటమ్మా మాడు వాసన?" అంటూ ఊర్మిళ లోపలికి వచ్చింది.

ఆ మరునాటి నుంచి నూకరత్నం ఆ వేళకు పనేదైనా ఆపేసి ఇంట్లోకి వచ్చేది. పొయ్యి వైపు ముఖం పెట్టి కూర్చునేది. తిరిగి చూస్తే కూతురు కనబడుతుంది. చూడకుండా ఉంటే మెట్లెక్కుతున్నది ఎవరో ఆమె చెవులకు తెలుసు. పెళ్లయిన కొత్తలో సెలవు మీద వచ్చే మనిషి కోసం ఇలాగే చెవులు రిక్కించి కూర్చునేది. అప్పుడు ఇసకలో అడుగులు వినబడేవి కావు, దగ్గరికి వచ్చి పిలిస్తేనే తెలిసేది. ఈ చెక్కమెట్లు నయం.

మాఘమాసంలో కాత్యాయని ఫోను చేసింది. గొంతు ఎప్పటిలా లేదు.

"రత్నం గారూ, బోర్డులు మార్చుకుని ఎక్కినవాళ్ల నడక మారిపోయింది. ఒకతను తన సైకిలు మీద తనే నిలవలేకపోతున్నాడు. పాదాన్ని అలా నెట్టీ నెట్టీ, ఒళ్లు తన పద్ధతి మరిచిపోతోందండీ. పెద్దవాళ్లకే ఇలా ఉంటే, ఊర్మిళ ఇంకా ఎదిగే పిల్ల. నేను అన్ని బోర్డులూ వెనక్కి తెప్పించేశాను. మీ దగ్గరున్నదాన్ని మీ ప్రెస్సులో పెట్టి బాగా వేడి చెయ్యండి. పొర కొత్తదానిలా అయిపోతుంది, ఏమీ గుర్తుండదు. చాలాకాలం ఎక్కకుండా ఉంటే పాప నడక తిరిగొస్తుందనే అనుకుంటున్నాను. ఆలస్యమైతే చెప్పలేను."

నూకరత్నం, "ఈ సీతాకాలం ఒక్కటీ ఉండనివ్వండి మేడంగారూ" అంది.

"ఎందుకండీ?"

"మంచు కరిగీదాకా" అని మాత్రం చెప్పి నూకరత్నం ఫోను పెట్టేసింది. ఊర్మిళకు ఆ ఫోను సంగతి చెప్పలేదు.

ఫాల్గుణంలో ఊళ్లో పెళ్లి జరిగింది. డోళ్లూ సన్నాయిలూ మోగుతుంటే పెళ్లింటి ముంగిట ఆడవాళ్లు చేతులు కలిపి వలయం కట్టి నాటి ఆడారు. నాటి అంటే ఆ కొండల్లో అందరూ కలిసి ఆడే ఆట. ముందుకు రెండడుగులు, వెనక్కి ఒకటి, మోకాలి మీద చిన్న ఊపు, మళ్లీ ముందుకు. ఊర్మిళకు అడుగులు రావడం మొదలైన ఏడే ఆ ఆట వచ్చింది. ఏటా దాన్ని వలయం మొదట్లో నిలబెట్టేవారు, అది లాగినట్టల్లా మిగతావాళ్లు సాగేవారు.

ఈసారి వలయం సాగలేదు. రెండో చుట్టులోనే తడబడింది. మోకాలి ఊపు దగ్గర ఊర్మిళ ఎడమకాలు పక్కకు పోయింది. పక్కపిల్ల కాలు దానికి తగిలింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అలాగే అయింది. మూడోసారి ఊర్మిళ పూర్తిగా ముందుకు తూలి, చేతులు విడిపోయి, వలయం తెగింది. ఒక పెద్దావిడ దాన్ని భుజం పట్టుకుని మెల్లగా పక్కకు తప్పించి, దాని చోట్లో ఇంకో పిల్లను నిలబెట్టింది. డోలు ఆగకుండా మోగింది.

ఆ పెద్దావిడే తర్వాత నూకరత్నం పక్కకొచ్చి కూర్చుంది. "నీ కూతురు అచ్చం వాళ్ల నాన్నలా నడుస్తోంది" అంది తన కొండభాషలో. "పాపం, ఆయనకి దెబ్బ తగిలింది కనక అలా నడిచేవాడు. దీనికేమైంది?"

ఇంటికి వస్తుంటే ఊర్మిళ మోకాలు పట్టుకుని రెండుచోట్ల ఆగింది. నూకరత్నం దారి పక్క రాతి మీద కూర్చోబెట్టి, చేత్తో తడిమి చూసింది. వాపు లేదు, వేడి లేదు. దెబ్బేదీ తగలని కాలు అది.

"నొప్పెడతందా?"

"ఎడతాది. రోజూ ఎడతాది." ఊర్మిళ ముఖంలో ఏడుపు లేదు. కాస్త గర్వం లాంటిదే ఉంది. "నాన్నకీ ఇక్కడే కదమ్మా నొప్పి. ఇన్నాళ్లకి నాకు తెలిసింది, ఎలాగుండేదో. ఆట పోతే పోనీ."

నూకరత్నం కూతురి మోకాలి మీంచి చెయ్యి తీయకుండా అక్కడే మంచులో కూర్చుండిపోయింది. పటాలం ఆసుపత్రిలో దానేసు పళ్లు బిగబట్టి పడుకున్న రోజులు ఆమెకు కళ్లకు కట్టాయి. ఆ నొప్పిని పంచుకోవాలని ఆమె ఎప్పుడో దేవుణ్ని అడిగింది. కూతురికిమ్మని మాత్రం అడగలేదు.

"ఊర్మీ, మేడంగారు మాఘంలోనే సెప్పారు నాకు" అంది. "అది నీ నడక తినేస్తందని. వేడిలో పెట్టీమన్నారు. నాను పెట్టలేదు."

"ఏల పెట్టలేదు?"

"నువ్వు మెట్లెక్కి వస్తంటే మీ నాన్న వొచ్చినట్టుండేది."

ఊర్మిళ తల్లి వంక చూసింది. కోపం వచ్చిందో, జాలి కలిగిందో, వెంటనే ముఖం తిప్పుకుంది. "మరయితే నీకూ ఉండాలనే కదా ఉన్నాది. ఉండనియ్యి."

"నీ కాలు పోతే?"

"నాకు పర్లేదు. నువ్వు ఆయనతోటి అన్నేళ్లు ఉన్నావు. నాకు అదొక్కటే మిగిలింది. దాన్ని కాల్చీసి రేపొద్దున్న నాకేటి ఇస్తావు?"

నూకరత్నం దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. లేదనే చెప్పింది. ఇల్లు చేరాక గుమ్మం దగ్గర ఊర్మిళే అంది. "నువ్వొక్కసారి ఎక్కమ్మా. ఇన్ని తెప్పలు సేసినావు, ఒక్కదాని మీద నిలబడలేదు. ఎక్కినాక కూడా కాల్చీమంటే, కాల్చీ."

మరునాడు ఎండ బాగా కాసింది. ఇద్దరూ వాలు పైదాకా ఎక్కారు. ఊర్మిళ తల్లి కాళ్లకు బోర్డు పట్టీలు బిగించి, "కిందకి సూడకు, ఎదరకి సూడు. ఏటీ సెయ్యకు. ఊరికే నిలబడు" అని చెప్పి, మెల్లగా తోసి, పక్కనే మంచులో దిగుతూ వచ్చింది.

నూకరత్నం భయంతో వెనక్కి వాలింది. అరికాలి కింద బోర్డు ఒప్పుకోలేదు. ఆమె బరువును ముందుకు తెచ్చింది. మళ్లీ బిగుసుకుంటే మళ్లీ తెచ్చింది. కసురుకోలేదు, తొందరపెట్టలేదు. మొదటి మలుపు దగ్గర ఆమె భుజం తనంతట తనే వంగింది. ఆ వెనక నడుము తిరిగింది. రెండో మలుపుకి ఆమె ఏడుస్తోంది. చేతులు చాచాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుడిచెయ్యి వెనక్కి చాచుకుంది. ఆ శరీరంతో ఆమె ఇరవైయేళ్లు కాపురం చేసింది కాని, లోపలినుంచి అదెలా ఉంటుందో ఎన్నడూ ఎరగదు. ఎడమకాలిని అతను ఎంత జాగ్రత్తగా మోసుకు తిరిగాడో ఎరగదు.

మూడో మలుపు దాటాక చిన్న గుట్ట ఉంది. అక్కడ బోర్డు నెమ్మదించింది. అంచు మీదికి ఒరిగి, వాలుకు అడ్డం తిరిగి, ఆగిపోయింది. నూకరత్నం ముందుకు కదలాలని చూసింది. అది కదలనివ్వలేదు. మడమల కింద గట్టిగా, నిశ్చలంగా ఉండిపోయింది.

ఊర్మిళ ఆయాసపడుతూ వచ్చింది. "ఇక్కడ ఆగుద్దమ్మా. ఎప్పుడెక్కినా ఆగుద్ది. నాన్నకి ఇక్కడికొచ్చీసరికి మోకాలు నొప్పెట్టీదేమో."

బోర్డు నూకరత్నాన్ని నిలబెట్టిన తీరుకు ముఖం లోయ వైపు తిరిగి ఉంది. అక్కడి నుంచి ఊరు కనబడదు, దేవదారు చెట్లు అడ్డం. చెట్ల మధ్య ఒకచోట మాత్రం సందు ఉంది. ఆ సందులోంచి వర్కుషాపు రేకులు, తెరిచిన తలుపు, తలుపు దగ్గర ఆమె నిలబడి అంచులు గీకే బల్ల కనబడుతున్నాయి. పొద్దున పని మధ్యలో వదిలేసిన ఆమె ఎర్రశాలువ ఆ బల్ల మీదే ఉంది.

ఆ బల్ల దగ్గర ఆమె ఎన్ని చలికాలాలు వంగి పనిచేసిందో. ఒక్కసారి కూడా తలెత్తి ఈ గుట్ట వైపు చూడలేదు. అతనూ చూశానని ఎన్నడూ చెప్పలేదు.

కాస్తసేపటికి కాలికింద బిగువు తనంతట తనే సడలింది. చూడవలసింది చూసుకుని ఇక వెళదామన్నట్టు బోర్డు మళ్లీ ముక్కు కిందికి దించింది. నూకరత్నం ఒక్కసారిగా మంచులో కూలబడి దాన్ని ఆపేసింది.

"అటు సూడు" అంది కూతురితో.

ఊర్మిళ తల్లి పక్కన కూర్చుని, ఆమె చూపు వెంట చూసింది. చాలాసేపు చూసింది. "ఇక్కణ్ణించి నువ్వే కనబడతావమ్మా" అంది చివరికి. "ఇంకేటీ కనబడదు."

తర్వాత తనే వంగి, తల్లి కాళ్ల పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. విప్పుతుండగా దాని కన్నీళ్లు దాని చేతుల మీదే పడ్డాయి. నూకరత్నం తుడవలేదు. "నాకిది సాలు ఊర్మీ, ఇంక కాల్చీదాం" అంది. మిగతా వాలంతా ఇద్దరూ బోర్డును చెరోవైపు పట్టుకుని నడిచి దిగారు.

ప్రెస్సు వేడెక్కడానికి చాలాసేపు పట్టింది. బోర్డును లోపల పెట్టి బిగించాక, చెక్కలోంచి చిన్నచిన్న చప్పుళ్లు వచ్చాయి, ఎండకు కప్పు రేకులు సాగినప్పుడు వచ్చేలాంటివి. ఊర్మిళ ఆ చప్పుళ్లు ఆగేదాకా అక్కడే కూర్చుంది. ఆగాక లేచి, బయటికెళ్లి, గోడవైపు తిరిగి గట్టిగా ఏడ్చింది. నూకరత్నం ప్రెస్సు చల్లారనిచ్చి, బోర్డు తీసి, స్టూళ్ల మీద పెట్టి, అరచెయ్యి ఆనించి వంచి చూసింది. అది అన్ని బోర్డుల్లాగే వంగింది.

ఆ తర్వాతి రోజులు కష్టంగా గడిచాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు ఒకనాడు దానేసుది, ఒకనాడు ఎవరిదీ కాదు. కాత్యాయని వచ్చి కొన్నాళ్లుండి, ఊర్మిళ చేత రోజూ బల్లపరుపు నేల మీద నడిపించింది. నొప్పి ముందు తగ్గింది, నడక మెల్లగా తేరుకుంది. తేరుకున్న నడక చిన్నప్పటిది కాదు, తండ్రిదీ కాదు. ఇంకా తేల్చుకోని నడక. నూకరత్నం మధ్యాహ్నం వేళ ఇంట్లోకి రావడం మానేసింది. మానేసిన మొదటివారం ఆ వేళకు ఆమె చేతులు వాటంతటవే పని ఆపేవి.

చైత్రంలో మంచు కరగబోతుండగా ఊర్మిళ ఆ బోర్డు అడిగింది. తల్లి ఇచ్చింది.

నూకరత్నం బల్ల దగ్గర ఒక కొత్త బోర్డు అంచు గీకుతోంది. కాసేపటికి ఉలి పక్కన పెట్టి, తలెత్తి, చెట్ల సందులోంచి వాలు వైపు చూసింది. నీలం కోటు వేసుకున్న చిన్న ఆకారం గుట్ట మీదికి వచ్చింది. బోర్డు అక్కడ ఆగలేదు. గుట్ట దాటి, ఎటు పోవాలో తెలియనట్టు ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఊగి, ఆ దిగువన పెద్దగా పడింది.

నూకరత్నం కదలలేదు. ఆ నీలం కోటు మంచులోంచి ముందు మోచేతుల మీద, తర్వాత మోకాళ్ల మీద లేచి, చివరికి నిలబడి, మంచు దులుపుకునేదాకా చూస్తూనే ఉంది.